యమున దాటని అంబాసిడర్

కారు ఆగిపోవడం మొదలుకాక ముందు సదాశివరావుకి కార్బురేటర్ బానెట్ కింద ఏ మూల ఉంటుందో కూడా సరిగ్గా తెలియదు. దసరాకి మొదలైన జబ్బు మాఘమాసం దాకా సాగేసరికి, ఢిల్లీ తెలుగువాళ్లలో కార్బురేటర్ గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగలిగిన ఏకైక మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. మాట ఎక్కడా ఆగేది కాదు. కారే ఆగేది.

అది తెల్ల అంబాసిడర్. భార్య సుభద్ర తండ్రి ఏలూరులో ప్లీడరుగా ఉన్న రోజుల్లో కొన్నది. పెళ్లయ్యాక సదాశివరావు అత్తారింటి గుమ్మంలో దిగింది ఆ కారులోంచే. డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాంట్లోనే. కాలవగట్టు మీద మామగారు పక్కన కూర్చుని, కారు ఎన్నిసార్లు నీళ్లవైపు పోయినా ఒక్క మాట అనకుండా, స్టీరింగ్ మీద ఒక వేలు వేసి మళ్లీ దారిలో పెట్టేవాడు. పోయేముందు ఆయన, 'కారు అమ్మాయికి' అన్నాడు. అమ్మాయి ఢిల్లీలో ఉంది కాబట్టి కారు కూడా గూడ్సు బండెక్కి ఢిల్లీ వచ్చింది. అప్పట్నుంచీ వసంత్ కుంజ్‌లో వాళ్ల ఫ్లాట్ కింద, చిన్న చిన్న కొత్త కార్ల మధ్య, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా కూర్చుని ఉంటోంది.

సదాశివరావు ప్రభుత్వంలో నీటి సరఫరా ఇంజనీరు. దేశంలో ఏ ఊరి పైపులో నీళ్లెందుకు రావడంలేదో వెళ్లి చూసి రిపోర్టు రాయడం అతని ఉద్యోగం. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే అతను దీన్ని పూర్తిగా మరిచిపోయాడు.

ఢిల్లీలో పాతకార్ల అభిమానుల సంఘం ఒకటుంది. వాళ్లు ఫిబ్రవరిలో ఇండియా గేట్ నుంచి యమున దాటి నోయిడా దాకా ర్యాలీ పెడుతున్నారని ఆ ఏడు వర్షాకాలంలో అతని చెవిన పడింది. అంతే, మనిషి కాలు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ల ఢిల్లీ కాపురంలో ఆఫీసులో అతన్ని ఫైలు నంబరుతో గుర్తుపట్టినవాళ్లే గాని మొహం చూసి గుర్తుపట్టినవాళ్లు లేరు. ఆ కారులో కూర్చుంటే మాత్రం ఇప్పటికీ తను ఏలూరు ప్లీడరుగారి అల్లుడే. ఆ మర్యాద ఢిల్లీ నగరమంతా ఒకసారి చూడాలని అతని కోరిక. కారుకి కొత్త పెయింటు వేయించాడు. అందులో మొహం చూసుకుని క్రాపు దువ్వుకోవచ్చు.

దసరా నాడు సుభద్ర పసుపు కుంకుమలు, నిమ్మకాయలు పళ్లెంలో పెట్టుకుని కిందికి దిగింది. ఏటా బానెట్ మీద పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం ఆనవాయితీ. ఆమె బొటనవేలు పసుపులో ముంచిందో లేదో, సదాశివరావు అడ్డం వచ్చాడు.

"పెయింటు మీద వద్దు సుభద్రా. మరక పడితే పోదు."

"మరెక్కడ పెట్టమంటారు, మీ నెత్తి మీదా?"

"రంగు లేనిచోట ఎక్కడన్నా పెట్టు."

సుభద్ర కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. బంపర్ దగ్గర ఆగితే, "అబ్బే, నికెల్ పాలిష్" అన్నాడు. అద్దం దగ్గర ఆగితే అడ్డంగా తల ఊపాడు. చివరికి వెనకవైపు పెట్రోలు పోసే చోట, రంగూ రుచీ లేని ఇనప మూత ఒకటి కనిపించింది. "ఇది తిండి తినే నోరు. అసలు ఇన్నేళ్లూ ఇక్కడే పెట్టాల్సింది" అంటూ తడిపసుపు దట్టంగా అద్ది, బొటనవేలితో నొక్కి, మధ్యలో కుంకుమ పెట్టింది. పెయింటు దక్కినందుకు సదాశివరావు ఊపిరి పీల్చుకున్నాడు. కారు ఊపిరి సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ ఆదివారమే నోయిడాలో స్నేహితుడు లక్ష్మీపతి ఇంట్లో సత్యనారాయణ వ్రతం. లక్ష్మీపతిది వరంగల్ దగ్గర పల్లె. నోయిడాలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆ పని విసుగుపుట్టి, ఆంధ్రా భోజనం హోటల్ పెట్టాలని ఏడాదిగా ఉవ్విళ్లూరుతున్నాడు. మొగుడూ పెళ్లాం పట్టుబట్టలు కట్టుకుని బయల్దేరారు. మెట్రో కోసం తవ్విపోసిన రోడ్లన్నీ దాటి, యమున వంతెన సగానికి వచ్చాక, కారు రెండుసార్లు దగ్గింది. ఒకసారి తల విదిల్చింది. ఆగిపోయింది.

సదాశివరావు బానెట్ ఎత్తాడు. లోపల అన్నీ ఉన్నట్టే కనిపించాయి. మూశాడు. మళ్లీ ఎత్తాడు. మామగారు ఎండాకాలంలో ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవాడని గుర్తొచ్చి, చేతిరుమాలు తాగేనీళ్లలో ముంచి కప్పాడు. కాసేపు నిలబడ్డాడు. వెనక బస్సులవాళ్లు అతని మీద, అతని వంశం మీద హిందీలో తమ అభిప్రాయాలు చెబుతూ పోయారు. ఆ తర్వాత తాళం తిప్పితే ఇంజను చక్కగా అందుకుంది.

"చూశావా? వేడి. పైపులో పెట్రోలు ఆవిరై అడ్డంపడింది" అన్నాడు.

"వ్రతం అయిపోయుంటుంది. ప్రసాదమన్నా దొరుకుతుందేమో పోనివ్వండి" అంది సుభద్ర.

చలి ముదిరింది. దుప్పట్లు దిగాయి. అయినా కారు ఆగుతూనే ఉంది. మార్కెట్ దాకా, గుడి దాకా బుద్ధిగా వెళ్లివచ్చేది. దూరం వెళితే, ముఖ్యంగా యమున దాటబోతే, మొండికేసేది. జనవరి పొగమంచులో తడిగుడ్డ వేస్తుంటే చూసేవాళ్లు నవ్వుతున్నారని సదాశివరావు వేడి సిద్ధాంతం వదిలేసి, కల్తీ పెట్రోలు సిద్ధాంతం పట్టుకున్నాడు. మునిర్కా దగ్గర కొత్త బంకులో ఓ నాలుగు లీటర్లు పోయించి చూశాడు. అక్కడివాడు మూత మీద పసుపు చూసి, దేవుడి వస్తువని భక్తిగా అంచులు పట్టుకుని తిప్పాడు. లోపల్నుంచి హుస్సుమని శబ్దం వచ్చింది. ఆ రోజు కారు ఇంటిదాకా గాల్లో తేలినట్టు వచ్చింది. సదాశివరావు ఆ బంకు పేరు ఆఫీసులో పై అధికారి మొదలుకుని టీ ఇచ్చే మనిషి దాకా అందరికీ చెప్పాడు. కొందరు అప్పట్నుంచీ అక్కడే పోయించుకుంటున్నారు.

తర్వాత వారం కారు మళ్లీ ఆగింది. మునిర్కాలో ఒక సర్దార్జీ మెకానిక్ ఉన్నాడు. అతను బానెట్‌లోకి తొంగిచూసి, "కార్బురేటర్ కా హీ చక్కర్ హై, సాబ్" అని జబ్బు దానిదేనని తేల్చేశాడు. కార్బురేటర్ ఊడదీసి, లోపలి జెట్ తీసి చూపించాడు. జెట్ అంటే పెట్రోలు సన్నగా చిమ్మే ఇత్తడి ముక్క. దాని బెజ్జంలో ఇసుకరేణువు పడినా బండి ఆగిపోతుందని చెప్పాడు. నోటితో ఊది మళ్లీ బిగించాడు. సదాశివరావు పక్కనే గొంతుక్కూర్చుని కళ్లార్పకుండా చూశాడు. ఆ మెకానిక్కి తెలిసిందంతా అక్కడే నేర్చుకున్నాడు. ఇద్దరిదీ సమానమైన తప్పు కాబట్టి గురుశిష్యుల మధ్య ఏ గొడవా రాలేదు.

అప్పట్నుంచీ దారిలో కారు ఆగితే అతను కంగారుపడలేదు. కోటు విప్పి సుభద్ర చేతికిచ్చేవాడు. స్పానర్ తీసి, జెట్ ఊడదీసి, ఎండకేసి పట్టి చూసి, బుగ్గలు పూరించి ఊది, తిరిగి బిగించేవాడు. ఇదంతా అయ్యేసరికి ఒక ఇరవై నిమిషాలు పట్టేది. కారు వెంటనే స్టార్టయ్యేది. ఒక్కసారి కూడా తప్పలేదు. రుజువు అంత గట్టిగా కళ్లముందు కనబడుతుంటే కాదనడానికి ఏ ఇంజనీరుకి నోరొస్తుంది?

కూతురు ప్రవల్లిక కంప్యూటర్‌లో పాతకార్లవాళ్ల ఇంటర్నెట్ గుంపు ఒకటి చూపించింది. "పాపా, యే లోగ్ భీ ఆప్ జైసే హైఁ" అంది. వీళ్లూ నాన్నలాంటివాళ్లేనట. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబులు హిందీలోనే ఇచ్చే పిల్ల. సదాశివరావు ఆ గుంపులో చేరి, ఉత్తర భారతదేశపు చలిలో కార్బురేటర్ ప్రవర్తించే తీరు మీద పెద్ద వ్యాసం రాశాడు. రిపోర్టులు రాసి రాసి చెయ్యి తిరిగిన మనిషి కదా, చదివినవాళ్లు అదిరిపడ్డారు. ర్యాలీ సంఘంవాళ్లు ఫోన్ చేసి, ఆ రోజు సాంకేతిక సలహాదారుగా కూడా ఉండమని, నోయిడాలో ముగింపు సభలో నాలుగు మాటలు చెప్పమని బతిమాలుకున్నారు.

సుభద్రకి మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. మంచి చీర కట్టుకున్న ప్రతిసారీ ఆమె వంతెన మీద కోటు పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. పేరంటాలకి తాంబూలాలు పంచేశాక చేరేది. ఏటా ఒకసారి చేసే పసుపు పూజని ఆమె ప్రతి శుక్రవారానికీ మార్చింది. అది సదాశివరావు పట్టించుకోలేదు. శుక్రవారం ఆమె చేసే పదిరకాల పూజల్లో అదొకటి అనుకున్నాడు. ఆమె నోటితో అనే మాట వేరేగా ఉండేది.

"అమ్మేద్దురూ. నా వల్ల కాదు ఇంక."

"మీ నాన్నగారి కారు."

"నాన్న ఉండుంటే ఆయనే అమ్మేసేవాడు. ఆయనకి మొండితనం లేదు."

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. కారు ఆగడం కంటే, ఆమె అంత తేలిగ్గా వదిలేసుకోవడమే ఎక్కువ బాధపెట్టింది. ఈ కారు మీద మమకారం ఇంట్లో తనొక్కడికే మిగిలిందా అనుకున్నాడు.

సంగతి తెలిసి లక్ష్మీపతి వసంత్ కుంజ్ వచ్చాడు. సోఫాలో కూర్చుని పకోడీలు తింటూ విషయంలోకి దిగాడు.

"సదాశివన్నా, జర సోంచాయించు. గా కారు కింద నిలబెట్టి ఏం జేస్తవు? నాకియ్యి. హోటల్ల పెడ్త. ముంగటి భాగం కోయించి గల్లా లెక్క జేస్త. బిల్లు కట్టెటోళ్లు బానెట్ మీద పైసలు పెడ్తరు. హెడ్‌లైట్లు గూడ ఎలుగుతయ్."

"వెనక భాగం?" అన్నాడు సదాశివరావు.

"గది సోఫా. ఫ్యామిలీలకు."

సదాశివరావుకి మామగారు కూర్చున్న సీటు మీద ఎవరో గోంగూర పచ్చడి ఒలకబోస్తున్నట్టు కళ్లకు కట్టింది. సుభద్ర ఏమన్నా అంటుందేమోనని చూశాడు. ఆమె పకోడీల పళ్లెం మళ్లీ నింపి తెచ్చింది.

"ఒక మాట అనుకుందాం. ర్యాలీలో ఆగకుండా నోయిడా చేరితే కారు ఉంచుకుందాం, మళ్లీ అమ్మమని నేను నోరెత్తను. దారిలో ఆగిందా, అటునుంచటే లక్ష్మీపతికి అప్పజెప్పి ఆటోలో ఇంటికొద్దాం" అంది.

"వదిన మాట ఫైనల్" అన్నాడు లక్ష్మీపతి. అతని హోటల్ ర్యాలీ ముగిసే మైదానానికి ఎదురుగానే తయారవుతోంది.

సదాశివరావు ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే తన విద్య మీద తనకే నమ్మకం లేదన్నట్టుంటుంది. ఆ తర్వాత కార్బురేటర్‌కి కొత్త జెట్ వేశాడు. పెట్రోలు పైపు మార్చాడు. ఫిల్టర్ మార్చాడు. ఆ కారులో అతను ముట్టుకోని వస్తువు, వెనక పసుపు పూసి ఉన్న మూత ఒక్కటే.

ర్యాలీ ఆదివారం పొద్దున సుభద్ర అతనికంటే ముందే లేచి తలంటుకుంది. వ్రతంనాటి పట్టుచీరే కట్టుకుంది. ఎందుకని అడిగితే, "ఈ చీరకి వంతెన మీద నిలబడటం అలవాటేగా" అంది. పెట్రోలు అడుగంటింది కాబట్టి ఇండియా గేట్ దాపున బంకులో ట్యాంకు నిండా పోయించాడు. పోస్తున్నంతసేపూ అతను స్టీరింగ్ ముందు కూర్చుని, సభలో చెప్పబోయే మాటలు వల్లెవేసుకుంటున్నాడు.

ఇండియా గేట్ దగ్గర కార్లన్నీ బారులు తీరాయి. రాజాలవీ, సేఠ్‌లవీ, ఒక మాజీ జనరల్‌గారిదీ. తలపాగాలు, టోపీలు, కూలింగ్ గ్లాసులు. వాటి మధ్య పట్టుచీర ఒక్కటే. సాంకేతిక సలహాదారుని వెతుక్కుంటూ వచ్చిన ఒక మీసాలాయనకి సదాశివరావు జెట్ ఎలా ఊదాలో చూపించాడు. ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

జెండా ఊపారు. అంబాసిడర్ బయల్దేరింది. అంత హాయిగా అది ఎప్పుడూ నడవలేదు. రోడ్డు పక్కన పిల్లలు చేతులు ఊపుతుంటే సదాశివరావు కూడా ఊపాడు. సుభద్ర ముందుకు చూస్తూ కూర్చుంది. ఒళ్లో రెండు చేతులూ బిగించి పట్టుకుని ఉంది. కారు ఎక్కడ ఆగకుండా చేరుతుందో అని భయపడుతోంది కాబోలు అనుకున్నాడు అతను.

యమున వంతెన మొదలైంది. సగం దాటింది. కారు దగ్గింది.

"వద్దమ్మా, వద్దు" అన్నాడు సదాశివరావు పైకే. కారు ఇంకోసారి దగ్గింది. తల విదిల్చింది. ఆగిపోయింది. వెనక రాజాలూ సేఠ్‌లూ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయారు. మీసాలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "జెట్!" అని అరిచి వెళ్లాడు.

కోటు విప్పి సుభద్ర చేతికిచ్చాడు. జెట్ తీశాడు. ఊదాడు. బిగించాడు. తాళం తిప్పాడు. ఇంజను మూలిగిందే తప్ప అందుకోలేదు. మళ్లీ తీసి మళ్లీ ఊదాడు. అందుకోలేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి అతని వైద్యం పనిచేయలేదు. సదాశివరావు కారుకి ఆనుకుని నిలబడ్డాడు. కారు ముందు భాగం ఒకచోట, వెనక భాగం ఒకచోట పెట్టిన హోటల్ అతనికి స్పష్టంగా కనిపిస్తోంది.

"అసలు పెట్రోలు ఉందా?" అంది సుభద్ర.

అతనికి ఒళ్లు మండింది. సాంకేతిక సలహాదారుని పట్టుకుని అడిగే ప్రశ్నా ఇది. ఇందాకేగా ట్యాంకు నిండా పోయించింది. అది నిరూపించడానికే విసవిసా వెనక్కి నడిచి, మూత పట్టుకుని తిప్పాడు.

హుస్సుమంది. మునిర్కా బంకులో విన్నంత చిన్నగా కాదు. అతని వేళ్ల సందుల్లోంచి గాలి బలంగా లోపలికి పీల్చుకుపోయింది.

సదాశివరావు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. లోపల పెట్రోలు నిండుగా ఉంది. అతను మూత వైపు చూశాడు. పొరల మీద పొరలు కట్టిన పసుపు. మూత తిరగేశాడు. అడుగున ఆవగింజ పట్టేంత బెజ్జం. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ లోపలికి గాలి రావడానికి పెట్టిన బెజ్జం. అది కాస్తా పసుపుతో పూడుకుపోయి ఉంది.

ఇంటి మీది ట్యాంకైనా, ఊరి ట్యాంకైనా, మూత బిగించాక గాలికి దారి లేకపోతే నీళ్లు కిందికి దిగవు. ఈ సంగతి అతను ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చదివాడు. ఎన్నో ఊళ్లు తిరిగి, ఎన్నో ట్యాంకుల దగ్గర నిలబడి, 'గాలి మార్గము మూసుకొనిపోవుటయే కారణము' అని తన చేత్తో రిపోర్టులు రాశాడు. సంతకాలు పెట్టాడు. వాటి వల్ల ప్రమోషన్లు కూడా పొందాడు.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. తడిగుడ్డ ఏమీ చేయలేదు. కొత్త బంకు ఏమీ చేయలేదు. జెట్‌కి ఏ జబ్బూ లేదు. తను ఊదుతూ కూర్చున్న ఇరవై నిమిషాల్లో మూత సందుల్లోంచి కాస్త గాలి లోపలికి జారేది, కారు దాని మానాన అది లేచేది. అతను ఇంటర్నెట్‌లో వ్యాసం రాశాడు. మీసాలాయన కాగితం మీద ఎక్కించుకున్నాడు. సదాశివరావుకి చెవులు వేడెక్కాయి. పైగా పెయింటు మీద వద్దని ఆమెని ఈ మూత దగ్గరికి తోలింది ఎవరు?

అప్పుడు ఇంకో సంగతి కంటపడింది. పై పొర పసుపు ఇంకా తడిగానే ఉంది. బొటనవేలి ముద్ర తాజాగా దిగబడి ఉంది. కుంకుమ ఇంకా చెదరలేదు. ఇవాళ శుక్రవారం కాదు. అంటే తెల్లవారుతూనే తలంటుకుని, అతను లేవకముందే కిందికి దిగి, ఆ చలిలో, ఎప్పటికంటే దట్టంగా పెట్టింది. అమ్మెయ్యమన్న మనిషి. ఆగితే ఆటోలో వెళదామన్న మనిషి. కారు ఆగకూడదని మొక్కుకుంది.

అందుకే ఆగింది.

వస్తున్నది నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు. కారు మీద ఇంట్లో తనొక్కడికే మమకారం అనుకున్నందుకు సిగ్గేసింది. ఇప్పుడు ఈ మూత పట్టుకెళ్లి చూపిస్తే చాలు. జబ్బు దొరికిందని చెప్పి కారు ఉంచుకుందామని వాదించవచ్చు. కానీ ఇన్ని నెలలుగా వంతెన మీద నిలబెట్టింది నీ చెయ్యే అని ఆమెతో చెప్పాలి. తండ్రి కారుని నీ పూజే పీక నొక్కిందని చెప్పాలి. చెప్పకపోతే, మాట ప్రకారం కారు లక్ష్మీపతి గల్లాపెట్టె అవుతుంది. సదాశివరావు మూత వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. ఆమె అతని కోటుని గుండెలకి హత్తుకుని వంతెన అవతలికి చూస్తోంది.

"ఒక పిన్నీసు ఇయ్యి" అన్నాడు.

ఆమె గాజులకి తగిలించుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. "ఎందుకు?"

"జెట్‌లో నలక."

ఆమెకి వీపు తిప్పి నిలబడి, బెజ్జంలోంచి పసుపు తోడేశాడు. పై పొర చెదరకుండా, కుంకుమ చెరగకుండా, ఉద్యోగంలో కూడా ఎప్పుడూ చూపనంత ఓపికతో చేశాడు. మూత బిగించాడు. పిన్నీసు తిరిగి ఇచ్చేశాడు. ఆమె దాన్ని ఒక్క క్షణం చూసి గాజులకి తగిలించుకుంది. అతను ముందుకు వెళ్లి, మర్యాద కోసం బానెట్ ఒకసారి ఎత్తి దించాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

పందెం ఓడిపోయానని అతనికి తెలుసు. ఏలూరు కాలవగట్టు గుర్తొస్తుంటే నెమ్మదిగా నడిపాడు.

మైదానం గేటు దగ్గర లక్ష్మీపతి నిలబడి ఉన్నాడు. పక్కన కొలతల టేపుతో ఒక వడ్రంగి.

"లేటయింది అన్నా. ఎక్కడన్న ఆగిందా?" అన్నాడు లక్ష్మీపతి, ఆశగా.

"అదీ... వంతెన మీద..." సదాశివరావు నీళ్లు నమిలాడు.

"ఆగలేదు. నాకు కళ్లు తిరిగినట్టుంటే నేనే ఆపమన్నాను. మనుషులు ఆపితే ఆగడం కిందికి రాదుగా లక్ష్మీపతీ" అంది సుభద్ర, కారు దిగుతూ.

సదాశివరావు ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పిన గుర్తు ఒక్కటీ లేదు. సత్యనారాయణ వ్రతంలో కథ వింటున్నప్పుడు కూడా ఆమె మొహం అలాగే ఉంటుంది. లక్ష్మీపతి ఉసూరుమని వడ్రంగి వైపు తిరిగి, "చలో భయ్యా, లకడీకా హీ బనాదో" అని చెక్క గల్లాతోనే సరిపెట్టుకున్నాడు.

సభలో సదాశివరావుని వేదిక ఎక్కించారు. తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. కార్బురేటర్ మీద మాట్లాడాడు. జెట్ గొప్పతనం గురించి, దాన్ని ఊదే పద్ధతి గురించి, ఎండ, చలి, కల్తీల గురించి, తనే నమ్మని ప్రతి ముక్కనీ వివరంగా చెప్పాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో సుభద్ర కూడా కొట్టింది. శాలువా కప్పి, ఉత్తమ నిర్వహణకని ఒక కప్పు చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో కప్పుని టీవీ మీద పెడుతూ సుభద్ర అంది, "పొద్దున పసుపు దట్టంగా పట్టించాను. అందుకే గట్టెక్కాం. కాదంటారా?"

సదాశివరావుకి నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "అందుకే" అన్నాడు.

ఆమె అతని వైపు ఓ క్షణం చూసి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.

శుక్రవారం రానే వచ్చింది. సుభద్ర పళ్లెం పట్టుకుని కిందికి వెళ్లి వచ్చింది. ఆమె వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, సదాశివరావు సొరుగులోంచి పిన్నీసు ఒకటి జేబులో వేసుకుని దొంగలా మెట్లు దిగాడు. ఇక బతికున్నన్నాళ్లూ శుక్రవారాలు తనకి ఇదే పని అనుకున్నాడు. అటూ ఇటూ చూసి కారు వెనక వంగాడు.

మూత మీద పాత పొరలన్నీ కడిగేసి ఉన్నాయి. కొత్త పసుపు ఉంది. అంచు చుట్టూ గాజులాగా గుండ్రంగా, ఎక్కడా మందం కాకుండా పూసి ఉంది. కుంకుమబొట్టు ఒక పక్కకి జరిగింది. మధ్యలో బెజ్జం శుభ్రంగా, ఖాళీగా ఉంది.

వంతెన మీద తను తిరిగి ఇచ్చిన పిన్నీసు గుర్తొచ్చింది. దాని మొన తుడవలేదు. దానికి పసుపు అంటుకుని ఉంది. జెట్‌లో పసుపు ఉండదని, ఇన్ని నెలలు కోటు పట్టుకుని పక్కనే నిలబడ్డ మనిషికి తెలియదూ? గేటు దగ్గర అబద్ధం ఆడినప్పటికే ఆమెకి తెలుసు. సాయంత్రం పసుపు మాట ఎత్తింది, తను చెబుతాడో దాస్తాడో చూడటానికే.

పైనుంచి పిలుపు వినిపించింది. సుభద్ర బాల్కనీలో తడిబట్టలు దులుపుతోంది.

"ఏవండీ, కార్బురేటర్ చూస్తున్నారా?"

సదాశివరావు పిన్నీసుని జేబులోకి తోసేశాడు. "ఆఁ, చూస్తున్నా" అన్నాడు.

"చూడండి, చూడండి. మీరు ఊదితేగాని అది నడవదు."

అతను ముందువైపు నడిచి, బానెట్ ఎత్తి, జెట్ ఊడదీసి, ఆమెకి కనిపించేలా ఎండకేసి పట్టి, బుగ్గలు పూరించి ఊదాడు.